టీచర్, 'ఎ డాక్టర్' ఆబ్జెక్ట్ ఎందుకు కాదు?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది గాజువాక. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. బీఈడీ అయ్యాక డీఎస్సీకి చదువుకుంటూ, ఇంటి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి ఇంగ్లీష్ చెబుతున్నాను. పోయిన వారం బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను: 'షి మెట్ ఎ డాక్టర్', 'షి బికేమ్ ఎ డాక్టర్'. మొదటి దాంట్లో 'ఎ డాక్టర్' ఆబ్జెక్ట్ అనీ, రెండో దాంట్లో కాంప్లిమెంట్ అనీ గైడులో ఉన్నట్టే చెప్పాను. వెనక బెంచీ పిల్లాడు లేచి, 'వెర్బ్‌ని వాట్ అనో హూమ్ అనో అడిగితే వచ్చేది ఆబ్జెక్ట్ అని మీరే చెప్పారు కదా టీచర్. బికేమ్ వాట్ అని అడిగితే ఎ డాక్టర్ అనే వస్తుంది. మరి అది ఆబ్జెక్ట్ ఎందుకు కాదు?' అన్నాడు. నాకు నోట మాట రాలేదు. 'రేపు చెబుతాను' అన్నాను. వారం దాటింది. నాలుగు గైడ్లు తిరగేశాను. అన్నింట్లోనూ నిర్వచనాలే ఉన్నాయి గానీ వాడి ప్రశ్నకు జవాబు లేదు. దీంతో పాటు ఇంకో మూడు వాక్యాలు నాకు కొరుకుడు పడటం లేదు: 'షి మేడ్ హిమ్ ఎ కేక్', 'షి మేడ్ హిమ్ ఎ లీడర్', 'హి ఈజ్ ఇన్ ది కిచెన్'. వీటిని ఎలా విడదీయాలి? ఆ క్లాసుకు వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్లాడి సంగతి. వాడు మిమ్మల్ని ఇరుకున పెట్టడానికి అడగలేదు. మీరు చెప్పిన సూత్రాన్ని శ్రద్ధగా విన్నాడు, దాన్ని రెండో వాక్యానికి కూడా పెట్టి చూశాడు, సూత్రం పని చెయ్యలేదని కనిపెట్టాడు. అలాంటి పిల్లాడు క్లాసులో ఉండటం అదృష్టం. రేపు వెళ్లగానే 'నువ్వు అడిగింది నిజమే, నేను చెప్పిన సూత్రం సగమే' అని వాడితో అనండి. దానివల్ల మీ గౌరవం ఏమీ తగ్గదు.

ఆ సూత్రం నిజంగానే సగం. వాట్, హూమ్ అని అడిగితే ఆబ్జెక్ట్ దొరుకుతుంది, అది సరే. కానీ అదే ప్రశ్నకు కాంప్లిమెంట్ కూడా దొరుకుతుంది. వల వేస్తే వంజరం ఒక్కటే పడదు కదా, దాంతో పాటు ఇంకో నాలుగు రకాలు పడతాయి. పడ్డాక వేరు చేసుకోవాలి. ఆ వేరు చేసే పనిని గైడ్లు చెప్పవు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలా ఏళ్లు ఈ ఒక్క సూత్రమే చెప్పాను. పరీక్షలో పిల్లలు 'బికేమ్' తర్వాత వచ్చిన మాటను ఆబ్జెక్ట్ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేశాను. వాళ్లు నేను చెప్పినట్టే చేశారు. ఆ మార్కులు తీసెయ్యకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక అసలు విషయం. దీనికి ఇంగ్లీష్‌తో మొదలు పెట్టకండి. బోర్డు తుడిచేసి తెలుగులో రెండు వాక్యాలు రాయండి.

నేను డాక్టర్ని.
నేను డాక్టర్ని కలిశాను.

రెండిట్లోనూ 'డాక్టర్ని' అనే మాట అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంది. పిల్లల్ని ఇప్పుడు 'నేను' తీసేసి 'నువ్వు' పెట్టమనండి. మొదటి వాక్యం 'నువ్వు డాక్టర్‌వి' అవుతుంది. 'మేము' పెడితే 'మేము డాక్టర్లం'. 'ఆమె' పెడితే 'ఆమె డాక్టర్'. ఎవరి గురించి మాట్లాడుతున్నామో దాన్నిబట్టి డాక్టర్ అనే మాట చివర మారుతూ పోతోంది. రెండో వాక్యంలోనూ అదే చెయ్యండి. నువ్వు డాక్టర్ని కలిశావు. మేము డాక్టర్ని కలిశాం. ఆమె డాక్టర్ని కలిసింది. ఇక్కడ క్రియ మారింది గానీ 'డాక్టర్ని' మాత్రం ఉన్నచోటే ఉంది.

ఎందుకంటే ఆ రెండు 'ని'లూ వేరు వేరు. 'డాక్టర్ని కలిశాను'లో ఉన్నది ద్వితీయా విభక్తి. ని, ను, ల, కూర్చి, గురించి అని మనం చిన్నప్పుడు వల్లించిన వాటిలోది. అది కర్మకు తగులుతుంది. ఇంగ్లీష్ వాళ్లు ఆబ్జెక్ట్ అనేది దాన్నే. 'నేను డాక్టర్ని'లో ఉన్న 'ని' విభక్తి కాదు. అది 'నేను' అనే మాటకు డాక్టర్‌ని కట్టిన ముడి. అక్కడ ఇద్దరు మనుషులు లేరు. నేనూ డాక్టరూ ఒకరే. రెండో వాక్యంలో ఇద్దరున్నారు: కలిసిన నేను ఒకణ్ణి, నేను కలిసిన డాక్టర్ ఇంకొకరు.

మీ పిల్లాడికి కావలసిన జవాబు ఇదే. 'షి మెట్ ఎ డాక్టర్'లో ఇద్దరు మనుషులు. 'షి బికేమ్ ఎ డాక్టర్'లో ఒక్కరే. ఆబ్జెక్ట్ అంటే సబ్జెక్ట్ చేసిన పని వెళ్లి తగిలే మరో మనిషి, మరో వస్తువు. కాంప్లిమెంట్ అంటే సబ్జెక్ట్ ఎవరో, ఎలా ఉందో, ఏమైందో చెప్పే మాట. పని ఎక్కడికీ వెళ్లదు, మాట తిరిగి సబ్జెక్ట్ మీదికే వస్తుంది.

తెలుగులో ఆ ముడి చెవికి వినబడుతుంది. ఇంగ్లీష్‌లో వినబడదు. 'ఎ డాక్టర్' రెండు చోట్లా 'ఎ డాక్టరే'. అందుకని అక్కడ మనమే ఒక పరీక్ష పెట్టుకోవాలి. వెర్బ్ తీసేసి దాని చోట 'ఈజ్' గానీ 'వాజ్' గానీ పెట్టండి. 'షి బికేమ్ ఎ డాక్టర్' కాస్తా 'షి ఈజ్ ఎ డాక్టర్' అయింది. అర్థం కొంచెం జరిగింది గానీ నిజం నిజంగానే ఉంది, ఆమె డాక్టరే. 'షి మెట్ ఎ డాక్టర్'ని అలా మారిస్తే మళ్లీ 'షి ఈజ్ ఎ డాక్టర్' వస్తుంది, ఇప్పుడది అబద్ధం. ఆమె జ్వరం వచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్లిన మనిషి. నిజం నిలిస్తే కాంప్లిమెంట్, నిలవకపోతే ఆబ్జెక్ట్.

రెండో పరీక్ష ప్యాసివ్ వాయిస్. 'ఎ డాక్టర్ వాజ్ మెట్ బై హర్' అంటే వినడానికి కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా గ్రామరు తప్పు లేదు. 'ఎ డాక్టర్ వాజ్ బికమ్ బై హర్' అసలు ఇంగ్లీషే కాదు. ఆబ్జెక్ట్‌ని తీసుకెళ్లి వాక్యం ముందు కూర్చోబెట్టవచ్చు. కాంప్లిమెంట్‌ని అలా కూర్చోబెట్టలేం.

గైడ్లలో ఇంకో మాట ఉంటుంది: కాంప్లిమెంట్ అంటే వాక్యాన్ని పూర్తి చేసేది అని. కంప్లీట్ అనే మాటకు అది చుట్టమే, స్పెల్లింగ్ కూడా అందుకే అలా ఉంటుంది. మెచ్చుకోలు అనే అర్థం ఉన్న కాంప్లిమెంట్‌లో నడుమ 'ఐ' (i) ఉంటుంది, దీంట్లో 'ఇ' (e) ఉంటుంది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే కాబట్టి పిల్లలకు ఒకసారి బోర్డు మీద ఇంగ్లీష్‌లో రాసి చూపించండి. అయితే 'పూర్తి చేసేది' అన్నదాన్ని పరీక్షగా వాడకండి. 'షి బికేమ్' అని ఆపితే వాక్యం ఎలా వేలాడుతుందో 'షి మెట్' అని ఆపినా అలాగే వేలాడుతుంది. అది పేరు ఎలా వచ్చిందో చెబుతుంది, అంతే.

ఇప్పుడు పిల్లలకు కళ్లకు కట్టే ఉదాహరణ ఒకటి చెబుతాను. మొన్న ఆదివారం పొద్దున్నే మా ఆవిడతో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. ఆమె చేపను ఊరికే కొనదు. వంజరం చేతిలోకి తీసుకుని, మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా లేదా చూసి, కడుపు మీద వేలితో నొక్కి, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. బుట్ట ముందు కూర్చున్నామె 'ఇప్పుడే దిగిందమ్మా' అంటూనే ఉంటుంది, ఈమె తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆ క్షణంలో నాకు రెండు ఇంగ్లీష్ వాక్యాలు తోచాయి.

'షి స్మెల్ట్ ది ఫిష్.'
'ది ఫిష్ స్మెల్ట్ ఫ్రెష్.'

వెర్బ్ ఒకటే, స్మెల్ట్. మొదటి వాక్యంలో మా ఆవిడ ఒక పని చేసింది, ఆ పని చేపకు తగిలింది. ది ఫిష్ ఆబ్జెక్ట్. రెండో వాక్యంలో చేప ఏ పనీ చెయ్యలేదు, బుట్టలో పడుకుని ఉంది. ఫ్రెష్ అనేది ఆ చేప ఎలా ఉందో చెప్పింది. ది ఫిష్ వాజ్ ఫ్రెష్, నిజమే. కాబట్టి కాంప్లిమెంట్. ఇది చూస్తే ఒక సంగతి తెలుస్తుంది: లింకింగ్ వెర్బ్స్, అంటే సబ్జెక్ట్‌ని కాంప్లిమెంట్‌తో కలిపే వెర్బ్‌లు అని గైడ్లలో ఇచ్చే జాబితాను బట్టీ పట్టి లాభం లేదు. స్మెల్, టేస్ట్, ఫీల్, లుక్, గ్రో, టర్న్ లాంటివి ఒక వాక్యంలో అటూ, ఇంకో వాక్యంలో ఇటూ ఉంటాయి. 'హి గ్రూ ఓల్డ్' అంటే ముసలివాడయ్యాడు, ఓల్డ్ కాంప్లిమెంట్. 'హి గ్రూ కాఫీ' అంటే అరకులో కాఫీ తోట వేశాడు, కాఫీ ఆబ్జెక్ట్. పిల్లల చేత జాబితా చదివించే బదులు ఇలాంటి జంటలు రాయించండి.

ఇంకో సుళువు కూడా ఇందులోనే ఉంది. ఫ్రెష్, ఓల్డ్ లాంటివి అడ్జెక్టివ్‌లు. అడ్జెక్టివ్ ఒంటరిగా ఎప్పుడూ ఆబ్జెక్ట్ కాదు. వెర్బ్ తర్వాత అడ్జెక్టివ్ ఒక్కటే కనబడితే ఇంక ఆలోచించక్కర్లేదు, అది కాంప్లిమెంటే. తికమక అంతా నౌన్ వచ్చినప్పుడే.

ఇక్కడ మన తెలుగు పిల్లలు పడే గొయ్యి ఒకటుంది, జాగ్రత్తగా చూడండి. 'చేప తాజాగా ఉంది', 'బండి వేగంగా వెళ్లింది'. రెండిటికీ మనం 'గా'నే తగిలిస్తాం. ఇంగ్లీష్‌లో మొదటిది అడ్జెక్టివ్, రెండోది అడ్వెర్బ్. 'గా' వినబడగానే మన పిల్లలు ఇంగ్లీష్ మాట చివర 'లీ' తగిలించేస్తారు. 'ది కర్రీ టేస్ట్స్ నైస్లీ', 'ఐ ఫీల్ సాడ్లీ' అని రాసేది అందుకే. 'షి లుక్డ్ హ్యాపీ' అంటే ఆమె సంతోషంగా కనిపించింది, హ్యాపీ కాంప్లిమెంట్. 'షి లుక్డ్ హ్యాపిలీ ఎట్ ది సీ' అంటే సంతోషంగా సముద్రం వైపు చూసింది, హ్యాపిలీ చూసిన తీరు. మనకు రెండూ 'సంతోషంగా'నే. పరీక్ష పేపర్ల వెనక ఇంత కథ ఉంది. గ్రామరు బిట్టులో ఒక మార్కు కోసమైతే నేను ఇంత చెప్పేవాణ్ణి కాదు. ఆబ్జెక్టూ కాంప్లిమెంటూ తెలిసిన పిల్లలు ఈ తప్పు చెయ్యరు, అందుకే నేర్పాలి.

మీ రెండో ప్రశ్న, కేకూ లీడరూ. దీనికి కూడా తెలుగే దారి చూపిస్తుంది. ఇందాకటి రెండు వాక్యాల కింద మూడోది రాయండి.

మా నాన్న నన్ను డాక్టర్ని చేశాడు.

మళ్లీ 'డాక్టర్ని'! ఇప్పుడు దాని ముడి 'నన్ను'తో పడింది. నన్ను అనేది ద్వితీయలో ఉంది, కాబట్టి డాక్టర్ కూడా దాని వెంటే 'ని' పట్టుకుని నడిచింది. అయినది డాక్టరు, అది నేనే. నాన్న సబ్జెక్ట్, నన్ను ఆబ్జెక్ట్, డాక్టర్ని ఆ ఆబ్జెక్ట్ ఏమైందో చెప్పే మాట. దీన్నే ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్ అంటారు. ఇందాక చూసింది సబ్జెక్ట్ కాంప్లిమెంట్.

ఇప్పుడు మీ వాక్యాలు. 'షి మేడ్ హిమ్ ఎ లీడర్': ఆమె అతన్ని లీడర్ని చేసింది. 'షి మేడ్ హిమ్ ఎ కేక్': ఆమె అతనికి కేకు చేసింది. తెలుగులోకి మార్చగానే ఒక చోట 'అతన్ని' వచ్చింది, ఇంకో చోట 'అతనికి' వచ్చింది. సగం పని అక్కడే అయిపోయింది. ఇంగ్లీష్‌లో పరీక్ష కావాలంటే వెర్బ్ తర్వాత ఉన్న రెండు మాటల మధ్య 'వాజ్' పెట్టండి, హిమ్‌ని హి చెయ్యండి. 'హి వాజ్ ఎ లీడర్' కుదిరింది, కాబట్టి ఎ లీడర్ ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్. 'హి వాజ్ ఎ కేక్' అంటే పిల్లలే వద్దంటారు. అప్పుడవి రెండూ ఆబ్జెక్ట్‌లే. తయారైంది కేకు, అది డైరెక్ట్ ఆబ్జెక్ట్. ఎవరి కోసమో అతను, హిమ్ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్. ఇంకో గుర్తు, ఈ వాక్యాన్ని 'షి మేడ్ ఎ కేక్ ఫర్ హిమ్' అని తిప్పి చెప్పవచ్చు. 'షి మేడ్ ఎ లీడర్ ఫర్ హిమ్' అంటే అర్థం పూర్తిగా మారిపోతుంది.

ఊరి ఉదాహరణలు కావాలంటే మన దగ్గర కొదవ లేదు. 'పీపుల్ కాల్ ది హిల్ డాల్ఫిన్స్ నోస్.' బీచ్ రోడ్డు మీద నిలబడి వేలు పెట్టి చూపించగల కొండ అది. ది హిల్ ఆబ్జెక్ట్, డాల్ఫిన్స్ నోస్ ఆ కొండ పేరే కాబట్టి ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్. 1926లో ఆంధ్ర యూనివర్సిటీ మొదలైనప్పుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆయన తర్వాత వచ్చారు. 'దె మేడ్ రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్' అని రాయండి. రాధాకృష్ణన్ ఆబ్జెక్ట్, వైస్ ఛాన్సలర్ ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్. దాన్ని ప్యాసివ్‌లోకి తిప్పితే 'రాధాకృష్ణన్ వాజ్ మేడ్ వైస్ ఛాన్సలర్' అవుతుంది. ఆబ్జెక్ట్ లేచి సబ్జెక్ట్ కుర్చీలో కూర్చుంది, దాని వెంట ఉన్న కాంప్లిమెంట్ ఇప్పుడు సబ్జెక్ట్ కాంప్లిమెంట్ అయింది. మనిషి ఎక్కడికి వెళితే బిరుదు అక్కడికి వెళ్లింది. డీఎస్సీకి చదువుతున్నారు కాబట్టి ఇది గట్టిగా పట్టుకోండి, ప్యాసివ్ బిట్టుల్లో చాలామంది ఇక్కడే తడబడతారు.

ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ దగ్గర ఒక హెచ్చరిక. తెలుగులో 'నాకు' ఉన్నంత మాత్రాన ఇంగ్లీష్‌లో 'మీ' పెట్టెయ్యకూడదు. 'నాకు చెప్పు' అంటే 'టెల్ మీ' సరే, 'సే మీ' తప్పు. 'నాకు వివరించండి'కి 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అని టీచర్లు కూడా అనేస్తుంటారు, 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ' అనాలి. 'నాకు ఆకలిగా ఉంది' అయితే నాకు కాస్తా 'ఐ' అయిపోతుంది: 'ఐ యామ్ హంగ్రీ'. 'నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు' అన్నప్పుడు తెలుగులో ఉన్నది పిల్లలు, క్రియ వాళ్లతోనే కలిసింది. ఇంగ్లీష్‌లో 'ఐ హ్యావ్ టు చిల్డ్రన్', అక్కడ పిల్లలు ఆబ్జెక్ట్. హ్యావ్‌ని ప్యాసివ్ చెయ్యలేం, అయినా ఆబ్జెక్టే, ఎందుకంటే నేను వేరు, నా పిల్లలు వేరు. తెలుగు మనకు దారి చూపిస్తుంది గానీ ఇంటి గుమ్మం దాకా రాదు. చివర నాలుగు అడుగులు ఇంగ్లీష్‌లోనే నడవాలి.

ఒకే మనిషి అయితే కాంప్లిమెంట్ అన్నాను కదా, మీ పిల్లాడు దాని మీద కూడా ప్రశ్న వేస్తాడు, ముందే సిద్ధంగా ఉండండి. 'రవి కట్ హిమ్‌సెల్ఫ్.' రవీ హిమ్‌సెల్ఫూ ఒకరే కదా అంటాడు. ఒకరే, కానీ ఇక్కడ కత్తి ఉంది, కోత ఉంది, రక్తం వచ్చింది. పని వెళ్లి తగిలింది, తగిలింది తన వేలికే. హిమ్‌సెల్ఫ్ తీసేసి 'హిజ్ ఫింగర్' పెట్టినా, 'ది మ్యాంగో' పెట్టినా వాక్యం అలాగే నడుస్తుంది. కాబట్టి అది ఆబ్జెక్ట్. రవి ఎలాంటివాడో, ఏమయ్యాడో ఆ మాట చెప్పడం లేదు. 'ది టికెట్ కాస్ట్స్ ఎ హండ్రెడ్ రూపీస్' లాంటివి గ్రామరు పండితులే తలో పేరుతో పిలుస్తారు, వాటిని ఏడో తరగతిలోకి తేవద్దు.

'ఈజ్' కనబడితే చాలు తర్వాతది కాంప్లిమెంట్ అనుకోవడం కూడా పొరపాటే. 'మై హాబీ ఈజ్ స్విమ్మింగ్', 'మై సిస్టర్ ఈజ్ స్విమ్మింగ్'. నా హాబీయే ఈత, రెండూ ఒకటి, కాబట్టి కాంప్లిమెంట్. నా చెల్లెలు ఈత కాదు, ఆమె రుషికొండ బీచ్‌లో ఈదుతోంది, అక్కడ 'ఈజ్ స్విమ్మింగ్' మొత్తం వెర్బ్. 'ఐ లైక్ స్విమ్మింగ్' అంటే అదే మాట ఆబ్జెక్ట్. ఈ మూడూ ఒకదాని కింద ఒకటి రాయిస్తే పిల్లలకు బాగా నచ్చుతుంది, నా అనుభవంలో ఎప్పుడూ విఫలం కాలేదు. ఇంటర్ పిల్లలకైతే ఇంకో జంట ఇచ్చేవాణ్ణి. 'ఐ ఫౌండ్ ది పేపర్ ఈజీ' అంటే పేపరు సుళువుగా వచ్చింది, ఈజీ ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్. 'ఐ ఫౌండ్ ది పేపర్ ఈజిలీ' అంటే పోయిన పేపరు వెతకగానే దొరికింది.

ఇక మిగిలింది 'హి ఈజ్ ఇన్ ది కిచెన్'. దీని మీద మీరు రాత్రుళ్లు నిద్ర పాడు చేసుకోవద్దు. ది కిచెన్ ఒక్కటే తీసుకుంటే అది 'ఇన్' అనే ప్రిపోజిషన్‌కి ఆబ్జెక్ట్, వెర్బ్‌కి కాదు. 'ఇన్ ది కిచెన్' మొత్తాన్ని ఏమనాలి అన్న దగ్గర పుస్తకాలు విడిపోతాయి. 1985లో క్వర్క్, ఆయన ముగ్గురు సహచరులు రాసిన పెద్ద వ్యాకరణం ఇంగ్లీష్ వాక్యాలను ఏడు అచ్చుల్లో పోసింది. అందులో ఇది సబ్జెక్ట్, వెర్బ్, అడ్వెర్బియల్. అడ్వెర్బియల్ అంటే ఎక్కడ, ఎప్పుడు, ఎలా లాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే భాగం. ఇది మాత్రం వదిలేస్తే వాక్యం నిలవని అడ్వెర్బియల్. ఇంకొందరు దీన్నే చోటు చెప్పే కాంప్లిమెంట్ అంటారు. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ తెచ్చిన వ్యాకరణంలో అయితే కాంప్లిమెంట్ అనేది పెద్ద గొడుగు, ఆబ్జెక్ట్‌లు కూడా దాని కిందికే వస్తాయి. ఎక్కడైనా నెట్‌లో 'ఆబ్జెక్ట్ ఈజ్ ఎ కాంప్లిమెంట్' అని చూస్తే కంగారు పడకండి, వాళ్లు ఆ గొడుగు లెక్కలో మాట్లాడుతున్నారు. మన స్కూలు పుస్తకాల్లో, పరీక్షల్లో ఈ రెండూ వేరు వేరు.

నా సలహా: చోటు చెబితే అడ్వెర్బియల్ అని చెప్పండి. 'ఎక్కడ' అనే ప్రశ్నకు జవాబైతే చాలు. ప్రిపోజిషన్ ఉన్నా చోటు చెప్పకుండా మనిషి స్థితి చెబితే అది సబ్జెక్ట్ కాంప్లిమెంటే. 'హి ఈజ్ ఇన్ గుడ్ హెల్త్' అంటే ఆరోగ్యంగా ఉన్నాడని కదా, 'హి ఈజ్ హెల్దీ' అన్నట్టే. కాలం, దూరం చెప్పే నౌన్‌లను కూడా ఆబ్జెక్ట్‌లు అనుకోకుండా చూసుకోండి. 'హి స్లెప్ట్ ది హోల్ డే' అని నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన నాన్న గురించి ఏ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి పిల్లాడైనా రాస్తాడు. ది హోల్ డే నౌనే, వెర్బ్ తర్వాతే ఉంది, కానీ ఎంతసేపు అన్నదానికి జవాబు. దాని బదులు 'ఇట్' పెట్టి 'హి స్లెప్ట్ ఇట్' అనలేం.

రేపు క్లాసులో తెలుగు వాక్యాలు మూడూ రాశాక, ఆ వెనక బెంచీ పిల్లాణ్ణి బోర్డు దగ్గరికి పిలవండి. కుర్సురా సబ్‌మెరైన్ మీ పిల్లలందరూ చూసే ఉంటారు. నేవీలో పని చేసి 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002లో బీచ్ ఒడ్డున మ్యూజియం అయింది. 'కుర్సురా బికేమ్ ఎ మ్యూజియం ఇన్ 2002' అని ఒకటి, 'వి విజిటెడ్ ఎ మ్యూజియం ఇన్ 2002' అని ఒకటి రాసి, సుద్దముక్క వాడి చేతికివ్వండి. ఒకే వస్తువు ఎక్కడుందో అక్కడ రెండు మాటల మధ్య గీత గీయమనండి, రెండు వేర్వేరున్న చోట గీత వద్దనండి. 'ఇన్ 2002' సంగతి వాడు అడక్కపోతే మీరూ ఎత్తకండి, అడిగితే 'ఎప్పుడు' అన్న ప్రశ్నకు జవాబని చెప్పండి. వాడు ఇంకేం అడిగాడో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.